పీచుమిఠాయికి తేమ, లోహపు గాజుకి హైడ్రోజన్

విశాఖ బీచ్‌లో పీచుమిఠాయి కొన్నవాళ్లకి ఈ సంగతి అనుభవమే. కవరు కట్టి ఉన్నంతసేపూ దూదిలా ఉబ్బి ఉంటుంది. విప్పేసి, కబుర్లలో పడి చేతిలో పట్టుకుని కూర్చుంటే సముద్రపు గాలికి కుంచించుకుపోయి పుల్ల చుట్టూ గులాబీరంగు ముద్ద మిగులుతుంది. ఇంకాస్త ఆగితే ఆ ముద్ద పంటికింద కరకరమంటుంది. దూది పోయి పలుకులొచ్చాయి.

దూదిలో ఉన్నదీ పంచదారే, పలుకుల్లో ఉన్నదీ పంచదారే. తేడా అంతా అణువుల అమరికలో ఉంది. మిషన్‌లో కరిగిన పంచదార సన్నటి రంధ్రాల్లోంచి చిమ్ముకొచ్చి, గాలి తగలగానే చల్లబడిపోతుంది. వరసలు కట్టే టైమ్ అణువులకి దొరకదు, ఎక్కడివక్కడే బిగుసుకుపోతాయి. శాస్త్రం భాషలో అలాంటి పదార్థాన్ని గాజు అంటారు, కిటికీ అద్దం కాకపోయినా సరే. తీరిగ్గా వరసలు కట్టుకున్న పటికబెల్లం స్ఫటికం. గాలిలోని నీటి అణువులు దూదిలోకి దూరితే పంచదార అణువుల మధ్య పట్టు సడలుతుంది. కదిలే వీలు దొరకడమే ఆలస్యం, అవి వరసలు కట్టేస్తాయి.

లోహాల్లోనూ గాజులున్నాయి. వాటిలోకి నీటి బదులు హైడ్రోజన్ దూరుతుంది, అవి కూడా స్ఫటికాలైపోతాయి. అయితే పీచుమిఠాయి పోలిక సగం దారి వరకే మనతో వస్తుంది. మిగతా సగంలో హైడ్రోజన్ చేసే పనులు నీటికి చేతకావు.

లోహం గాజు ఎలా అవుతుంది

మామూలుగా కరిగిన లోహాన్ని చల్లబరిస్తే స్ఫటికమే అవుతుంది. ఇత్తడి బిందె, ఇనప చువ్వ, బంగారు గొలుసు, అన్నీ చిన్న చిన్న స్ఫటికాల గుంపులే. లోహ పరమాణువులు చురుకైనవి, పంచదార అణువుల్లా బరువుగా ఒకదానికొకటి చిక్కుకోవు. వాటిని వరస కట్టనివ్వకుండా పట్టుకోవాలంటే మెరుపు వేగంతో చల్లార్చాలి. 1960లో అమెరికాలోని కాల్టెక్ (కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ)లో పోల్ డ్యువెజ్, ఆయన సహచరులు ఆ పని చేసి చూపించారు. నూటికి 75 బంగారం పరమాణువులు, 25 సిలికాన్ పరమాణువులు కలిపిన మిశ్రమాన్ని సెకనుకి పది లక్షల డిగ్రీల స్థాయి వేగంతో చల్లార్చారు. దొరికింది ఒక చిన్న పొర. అది గది ఉష్ణోగ్రతలో కూడా ఎక్కువకాలం గాజుగా నిలవలేదు. అయినా లోహం గాజు కాగలదని మొదటిసారి తేలింది.

తర్వాత వచ్చిన పద్ధతి చూస్తే పీచుమిఠాయి మిషనే గుర్తొస్తుంది. వేగంగా తిరిగే రాగి చక్రం మీదికి కరిగిన లోహాన్ని సన్నటి ధారగా వదులుతారు. తగిలిన క్షణంలోనే గడ్డకట్టి రిబ్బన్‌లా ఎగిరి పడుతుంది. మందం 30, 40 మైక్రాన్లు, తలవెంట్రుక కంటే పల్చన. మన దేశంలో ఈ రంగానికి తొలి అడ్డా బనారస్ హిందూ విశ్వవిద్యాలయం. అక్కడ పనిచేసినవారిలో కృష్ణా జిల్లాకి చెందిన పాచ్చా రామచంద్రరావు ఒకరు. ఆయన తర్వాత జంషెడ్‌పూర్ జాతీయ లోహశాస్త్ర ప్రయోగశాలకి డైరెక్టర్‌గా, ఆ విశ్వవిద్యాలయానికే వైస్ ఛాన్సలర్‌గా చేశారు.

1993లో కాల్టెక్‌లోనే అటకాన్ పెకర్, విలియం జాన్సన్ జిర్కోనియం, టైటానియం, రాగి, నికెల్, బెరీలియం కలిపి ఒక మిశ్రమం తయారుచేశారు. దాన్ని సెకనుకి ఒక డిగ్రీ చొప్పున నెమ్మదిగా చల్లార్చినా గాజే అవుతుంది. అందుకే రిబ్బన్లు కాదు, కడ్డీలే పోత పోయొచ్చు. దాన్ని వేడిచేస్తూ పోతే 350 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడటం మొదలవుతుంది, ఇంకో ఎనభై డిగ్రీలు దాటితే స్ఫటికమైపోతుంది.

ఇక్కడ ఒక మాట గుర్తుపెట్టుకుంటే మిగతా కథ సులువు. గాజుకి స్ఫటికం కావాలన్న ఒత్తిడి ఎప్పుడూ ఉంటుంది, లేనిది కదిలే వీలు. ఆ ఒత్తిడి ఒకటి, ఆ వీలు ఒకటి. హైడ్రోజన్ ఈ రెండింటిలోనూ వేలు పెడుతుంది, పైగా ఒకే దిశలో కాదు.

ఫ్యాను కింద చోటు

లోహాలు హైడ్రోజన్‌ని పీల్చుకుంటాయన్నది పాత కబురే. పల్లాడియం తన ఘనపరిమాణానికి వందల రెట్ల హైడ్రోజన్‌ని మింగగలదని థామస్ గ్రాహం 1866లోనే చూశాడు. గరిష్ఠంగా ఆ లెక్క 900 రెట్లు దాకా వెళ్తుంది. జిర్కోనియం, టైటానియం ఇంకా పిచ్చివి. హైడ్రోజన్ దొరికితే గట్టిగా పట్టుకుని హైడ్రైడ్, అంటే లోహం హైడ్రోజన్ కలిసిన సమ్మేళనం, అయిపోతాయి. హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ అణు రియాక్టర్లకి జిర్కోనియం మిశ్రమాల గొట్టాలు తయారుచేస్తుంది. రియాక్టర్ నీటిలోంచి ఆ గొట్టాల్లోకి చేరే హైడ్రోజన్ ఎంత అన్నది ఆ రంగంలో వాళ్లకి ఎప్పుడూ ఉండే టెన్షన్. హైడ్రైడ్ పలకలు ఏర్పడితే గొట్టం పెళుసెక్కుతుంది. రాగి, నికెల్ మామూలు పరిస్థితుల్లో హైడ్రోజన్‌ని పెద్దగా పట్టించుకోవు. ఈ ఇష్టాయిష్టాలే మన కథకి అసలు ముడి.

లోహం ఉపరితలం మీద హైడ్రోజన్ అణువు రెండు పరమాణువులుగా విడిపోయి లోపలికి జారుతుంది. నాలుగు లోహ పరమాణువులు నాలుగు మూలలుగా కట్టిన చిన్న గూట్లో కూర్చుంటుంది. స్ఫటికంలో ఈ గూళ్లు సత్రంలో గదుల్లా ఒకే కొలతలో ఉంటాయి. గాజులో అలా కాదు, పెళ్లింట్లో రాత్రి హాల్లో పడుకునే చుట్టాల పరిస్థితి. ముందొచ్చినవాళ్లు ఫ్యాను కింద పరుపు పట్టేస్తారు, తర్వాతవాళ్లకి గోడవార చాప, ఆలస్యంగా వచ్చినవాళ్లకి గుమ్మం దగ్గర నేల. నాలుగు వైపులా జిర్కోనియం ఉన్న గూడు ఫ్యాను కింద పరుపు. మూడు జిర్కోనియం, ఒక నికెల్ ఉన్నది చాప. నికెల్ ఎక్కువైతే గుమ్మమే. గాజులో గూళ్ల శక్తులు ఇలా పరుచుకుని ఉంటాయని 1980లలో జర్మన్ శాస్త్రవేత్త రైనర్ కిర్ష్‌హైమ్ లెక్కకట్టి చూపించాడు. స్ఫటికంలో ఒక స్థిరమైన పీడనం దగ్గర హైడ్రోజన్ గుంపుగా లోపలికి దూకుతుంది. గాజులో అలాంటి మెట్టు కనపడదు, పీడనం పెరిగేకొద్దీ కొంచెం కొంచెంగా నిండుతుంది.

గూళ్లు రకరకాలు కాబట్టి కొన్నిచోట్ల స్ఫటికం కంటే గాజులోనే ఎక్కువ పడుతుంది. టైటానియం, రాగి సగం సగం ఉన్న మిశ్రమం తీసుకోండి. స్ఫటికంగా ఉన్నప్పుడు ఒక టైటానియం-రాగి జతకి సుమారు ఒక హైడ్రోజన్ పడుతుంది. గాజుగా ఉంటే దాదాపు 1.3, 1.4 దాకా పడుతుంది.

కూర్చున్న ప్రతి హైడ్రోజన్ పరమాణువూ తన చుట్టూ ఉన్నవాటిని కాస్త పక్కకి నెడుతుంది. అది ఆక్రమించే చోటు మూడు ఘన ఆంగ్‌స్ట్రామ్‌ల లోపే, అంటే జిర్కోనియం పరమాణువుకి దక్కే చోటులో ఎనిమిదో వంతు. వినడానికి తక్కువే. కానీ ప్రతి లోహ పరమాణువుకీ ఒక హైడ్రోజన్ చేరితే గాజు ఘనపరిమాణం పది శాతం పైనే ఉబ్బుతుంది. వేగం విషయానికొస్తే, గది ఉష్ణోగ్రతలో జిర్కోనియం పరమాణువు ఉన్నచోటు నుంచి కదలడానికి యుగాలు పట్టే పరిస్థితిలో హైడ్రోజన్ మాత్రం ఆ పల్చని రిబ్బన్‌ని నిమిషాల్లోనో గంటల్లోనో దాటేస్తుంది. ఇంట్లో పెద్దలంతా కుర్చీలకి అతుక్కుపోయి ఉంటే పిల్లాడొక్కడే అన్ని గదులూ చుట్టేస్తున్నట్టు.

స్ఫటికాన్ని గాజు చేసిన హైడ్రోజన్

హైడ్రోజన్ చేరితే గాజు స్ఫటికమవుతుందని ఇక్కడే చెప్పేయొచ్చు. అలా చెబితే 1983 నాటి ఒక ప్రయోగం ఎదురొచ్చి నిలబడుతుంది. కాల్టెక్‌లోనే యే, సామ్వెర్, జాన్సన్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు మూడు పాళ్ల జిర్కోనియం, ఒక పాలు రోడియం ఉన్న మిశ్రమాన్ని తీసుకున్నారు. అది గాజు కాదు, స్ఫటికం. 200 డిగ్రీలకి మించని మోస్తరు వేడిలో దానికి హైడ్రోజన్ పెట్టారు. స్ఫటికం వరసలు చెదిరిపోయి గాజైంది! కరిగించలేదు, చల్లార్చలేదు, చక్రం మీద పోయలేదు. వాయువు పీల్చడంతోనే పటికబెల్లం పీచుమిఠాయి అయినట్టు.

ఎందుకిలా? హైడ్రోజన్ నిండాక ఆ పాత స్ఫటికం అమరిక ఇరుకైపోయింది. రకరకాల గూళ్లున్న గాజు అమరికే శక్తి లెక్కలో చవక. అంతకంటే చవకైన ఏర్పాటు ఇంకొకటి ఉంది. జిర్కోనియం అంతా హైడ్రోజన్‌తో కలిసి హైడ్రైడ్ అయిపోవడం, రోడియం వేరుగా మిగిలిపోవడం. అయితే అక్కడికి చేరాలంటే జిర్కోనియం ఒకవైపు, రోడియం ఒకవైపు నడిచి వెళ్లాలి. ఆ వేడిలో వాటి కాళ్లు కదలవు. ఉన్నచోటే కాస్త అటూ ఇటూ జరిగి సర్దుకోగలవు, అంతే. అందుకని దగ్గర్లో ఉన్న మజిలీ దగ్గరే, అంటే గాజు దగ్గరే ఆగిపోయాయి. వేడి ఇంకా పెంచితే కాళ్లొస్తాయి, హైడ్రైడ్, రోడియం విడిపోతాయి.

నా దృష్టిలో ఈ మొత్తం విషయానికి తాళంచెవి ఈ ప్రయోగమే. హైడ్రోజన్ గాజుకి మిత్రుడా శత్రువా అన్న ప్రశ్నకి అర్థం లేదు. హైడ్రోజన్ ఎవరి పక్కన ఎవరుండాలో మార్చేస్తుంది. ఆ మార్పు ఎంత దూరం జరుగుతుందన్నది లోహ పరమాణువులకి ఆ వేడిలో ఉన్న నడక మీద ఆధారపడి ఉంటుంది. కాళ్లు కట్టేసి ఉంటే గాజు, విప్పితే స్ఫటికం.

రిబ్బన్‌లోకి ఎక్కించి చూస్తే

ఇప్పుడు ఎదురు దిశ. జర్మనీలోని డార్ట్‌మండ్‌లో ఉవే కోస్టర్ బృందం ఎక్కువగా పనిచేసిన మిశ్రమం ఒకటుంది. అందులో నూటికి 69.5 జిర్కోనియం, 12 రాగి, 11 నికెల్, 7.5 అల్యూమినియం. రిబ్బన్‌ని గ్లిజరిన్, ఫాస్ఫారిక్ ఆమ్లం కలిపిన ద్రావణంలో ముంచి, రుణధ్రువానికి తగిలించి కరెంటు పంపుతారు. బుడగలుగా పోవాల్సిన హైడ్రోజన్‌లో కొంత రిబ్బన్‌లోకి దిగుతుంది. ఎంత దిగిందో తెలుసుకోవడానికి ఒక దారి తూకం వేయడం. ఈ తూకం ఎంత సున్నితమో చూడండి. పది మిల్లీగ్రాముల రిబ్బన్‌లో ప్రతి రెండు లోహ పరమాణువులకి ఒక హైడ్రోజన్ చేరినా, అంటే గూళ్లు బాగానే నిండినా, పెరిగే బరువు 0.06 మిల్లీగ్రాములు. కిరాణా కొట్టు త్రాసు సంగతి వదిలేయండి, బంగారం కొట్టు త్రాసుకి కూడా అది అందదు.

తర్వాత ఆ ముక్కని కెలోరీమీటర్‌లో పెడతారు. పక్కపక్కనే రెండు చిన్న పళ్లేలు, ఒకదాంట్లో రిబ్బన్, రెండోది ఖాళీ. రెండింటినీ ఒకే వేగంతో వేడిచేస్తూ పోతారు. గాజు స్ఫటికమయ్యే క్షణంలో లోపల దాచుకున్న శక్తిని వేడిగా వదిలేస్తుంది, గ్రాఫ్ మీద గుట్టలా లేస్తుంది. హైడ్రోజన్ లేని రిబ్బన్‌కి ఆ గుట్ట ఒకచోట వస్తే, హైడ్రోజన్ ఎక్కించినదానికి తక్కువ ఉష్ణోగ్రత వైపు జరుగుతుంది. హైడ్రోజన్ పెంచేకొద్దీ ఇంకా జరుగుతుంది. ఇంతవరకే అయితే పీచుమిఠాయి తేమ కథే.

ఎక్స్‌రే తీసి చూస్తే తేడా బయటపడుతుంది. హైడ్రోజన్ లేని రిబ్బన్ వేడికి మొదట క్వాసీక్రిస్టల్‌గా మారుతుంది. అది ఐదు రెక్కల సౌష్ఠవం ఉన్న, మామూలు స్ఫటిక నియమాలకి లొంగని అమరిక. హైడ్రోజన్ బాగా ఎక్కించిన రిబ్బన్‌లో క్వాసీక్రిస్టల్ కనపడదు, జిర్కోనియం హైడ్రైడ్ కనపడుతుంది. అంటే రైలు ముందుగా బయల్దేరడమే కాదు, వేరే ఊరికి వెళ్లింది. తేమ తగిలిన పీచుమిఠాయి ఎప్పుడూ పంచదార పలుకులే అవుతుంది. నీరు అణువులని కదల్చగలదు, వాటి గమ్యాన్ని మార్చలేదు. హైడ్రోజన్ జిర్కోనియంని పేరుపెట్టి పిలుచుకుంటుంది.

లోపల జరిగేది ఇది. వేడికి లోహ పరమాణువులు కాస్త కదిలే స్థితికి రాగానే జిర్కోనియం హైడ్రోజన్ ఎక్కువున్న వైపు చేరుతుంది. రాగి, నికెల్ అక్కడ ఇమడలేక పక్కకి తప్పుకుంటాయి. ఉమ్మడి కుటుంబం వేరు కాపురాలవుతుంది. జిర్కోనియం గుమిగూడిన చోట హైడ్రైడ్ మొలకెత్తుతుంది. మిగిలిన చోట జిర్కోనియం తగ్గి రాగి, నికెల్ పాలు పెరుగుతుంది. మొదట ఈ మిశ్రమం గాజుగా నిలబడగలిగింది ఆ పాళ్లు కుదరడం వల్లే. పాళ్లు చెడ్డాక మిగతా గాజుకి కూడా నిలకడ ఉండదు, తన దారిన తాను ఇంకో స్ఫటికం అవుతుంది. ఇదంతా ఒకేసారి లెక్కలేనన్ని చోట్ల మొదలవుతుంది, ఏదీ పెద్దది కావడానికి పక్కవి చోటివ్వవు. అందుకే వచ్చే స్ఫటికాలు నానోమీటర్ల సైజులోనే ఉండిపోతాయి.

ఇందాకటి టైటానియం-రాగి గాజు దీనికి మరీ సూటి ఉదాహరణ. హైడ్రోజన్ నింపి వేడిచేస్తే టైటానియం హైడ్రైడ్ ఒకవైపు, రాగి ఒకవైపు. విడాకులు ఇంత శుభ్రంగా జరిగే మిశ్రమాలు తక్కువ.

ఈ ప్రయోగాలు చదివేటప్పుడు రెండు జాగ్రత్తలు. ఒకటి, జిర్కోనియం ఆక్సిజన్‌ని కూడా అంతే ఆబగా తింటుంది, ఆక్సిజన్ కూడా స్ఫటికీకరణ దారిని మారుస్తుంది. రిబ్బన్‌లో ఆక్సిజన్ ఎంతుందో చెప్పకుండా నేరమంతా హైడ్రోజన్ మీద మోపితే నమ్మడం కష్టం. రెండోది, వేడిచేసేటప్పుడు హైడ్రోజన్ లోపలే ఉందా అన్నది. పైన జిర్కోనియం ఆక్సైడ్ పొర ఉంటే మూతపెట్టినట్టు లోపలే ఉంటుంది. పల్లాడియం పూత ఉంటే తలుపు తెరిచినట్టే, స్ఫటికమయ్యేలోపే కొంత జారుకుంటుంది. ఒకే మిశ్రమం రెండు ల్యాబుల్లో రెండు రకాలుగా ప్రవర్తించిందంటే ముందు ఉపరితలం సంగతి అడగాలి.

చిటికెడు అయితే

హైడ్రోజన్ ఎక్కువైతే గాజుకి చేటు అని తేలింది. మరి చాలా తక్కువైతే? చైనాలోని హార్బిన్ పరిశోధకులు జిర్కోనియం గాజుల మిశ్రమాన్ని కరిగించేటప్పుడే, ఆర్గాన్‌లో కొద్దిగా హైడ్రోజన్ కలిపిన వాతావరణంలో కరిగించారు. అలా పోత పోసినవి ఇంకాస్త తేలిగ్గా గాజయ్యాయని వాళ్ల ఫలితాలు చెప్పాయి. పైకి ఇది ఇందాక చెప్పిందానికి పూర్తి విరుద్ధం. కానీ గాజుల తయారీలో ఒక పాత సూత్రం ఉంది. రకరకాల సైజుల పరమాణువులు ఎక్కువమంది ఉంటే, వాటికి ఒకరంటే ఒకరికి ఇష్టం ఉంటే, ఏ స్ఫటికం వరసా తొందరగా కుదరదు. చిటికెడు హైడ్రోజన్ ఆ జనంలో ఇంకొక చిన్న సభ్యుడు. హైడ్రైడ్ మొలకెత్తేటంత బలగం దానికి ఉండదు, వరసలు కట్టేవాళ్లకి అడ్డం పడేటంత మాత్రం ఉంటుంది. పాకంలో నిమ్మరసం రెండు చుక్కలు పిండితే అది పంచదారకట్టకుండా ఉంటుంది కదా, అలా. అక్కడి రసాయనం వేరనుకోండి, వంటింట్లో కనపడే ఫలితం మాత్రం ఇదే.

మెగ్నీషియం గాజుల్లో ఈ గొడవ ఇంకా తక్కువ వేడికే మొదలవుతుంది. మెగ్నీషియం-నికెల్ గాజులు ఎలాగూ పెద్దగా వేడి తట్టుకోవు. హైడ్రోజన్ నిల్వకోసం వాటిని పదే పదే నింపి ఖాళీ చేస్తే కొన్నిసార్లకే గాజు పోయి మెగ్నీషియం హైడ్రైడ్ స్ఫటికాలు మిగులుతాయి. ఇనుము, బోరాన్, సిలికాన్‌ల గాజు, అంటే ట్రాన్స్‌ఫార్మర్ల కోర్లకి వాడే రకం, హైడ్రోజన్‌ని చాలా తక్కువ పీలుస్తుంది. అక్కడ హైడ్రోజన్ వల్ల వచ్చే మొదటి ఇబ్బంది స్ఫటికీకరణ కాదు, పెళుసుదనం.

జల్లెడ పని

ఇదంతా ల్యాబ్ సరదా కాదనడానికి హైడ్రోజన్ వడపోత పొరలు సాక్ష్యం. సహజవాయువు నుంచి తీసిన హైడ్రోజన్‌లో కార్బన్ డయాక్సైడ్ లాంటివి కలిసే ఉంటాయి. పల్లాడియం రేకు ఒక్క హైడ్రోజన్‌నే లోపలికి రానిచ్చి అవతలికి పంపుతుంది. దాని ఖరీదు మాత్రం నగల కొట్టులో అడగాల్సిందే. 2000లో జపాన్ పరిశోధకులు 36 పాళ్ల జిర్కోనియం, 64 పాళ్ల నికెల్ ఉన్న గాజు రిబ్బన్‌తో ఆ పని చేసి చూపించారు. తర్వాత నయోబియం కూడా కలిపిన నికెల్-నయోబియం-జిర్కోనియం గాజులు 400 డిగ్రీల దగ్గర పల్లాడియంతో పోల్చదగ్గ వేగంతో హైడ్రోజన్‌ని దాటించాయి.

చిక్కు ఆ 400 డిగ్రీల దగ్గరే ఉంది. వేడి తగ్గిస్తే హైడ్రోజన్ నత్తనడక నడుస్తుంది, లోపల పేరుకుపోయి రేకు ఉబ్బి పగులుతుంది. పెంచితే లోహ పరమాణువులకి కాళ్లొస్తాయి. మిశ్రమంలో జిర్కోనియం పెంచితే హైడ్రోజన్ ఎక్కువగా దాటుతుంది, గాజు నిలకడ పడిపోతుంది. నయోబియం పెంచితే నిలకడ వస్తుంది, దాటే హైడ్రోజన్ తగ్గుతుంది. ఎటు జరిగినా ఏదో ఒకటి వదులుకోవాలి.

ఇందులో మామూలుగా జరిగే పొరపాటు ఒకటుంది. ఈ గాజు ఫలానా డిగ్రీల వరకు స్ఫటికం కాదని పట్టికలో ఉన్న అంకె సాధారణంగా ఆర్గాన్‌లో, నిమిషానికి 20 లేక 40 డిగ్రీల చొప్పున వేడిచేసి తీసింది. అంటే హైడ్రోజన్ లేకుండా, అరగంటలో ముగిసే పరీక్ష. వడపోత రేకు హైడ్రోజన్‌లో మునిగి, అదే వేడిలో నెలల తరబడి ఉండాలి. పట్టికలో అంకెకి వంద డిగ్రీలు కింద నడిపినా, లోపల జిర్కోనియం రోజుకింత చొప్పున హైడ్రోజన్ వైపు జరుగుతూనే ఉంటుంది. అందుకే కొత్త మిశ్రమం ఏదైనా వచ్చిందంటే నేను ముందు చూసేది అది ఎంత హైడ్రోజన్ దాటించిందని కాదు. ఎన్ని గంటలు దాటించాక ఎక్స్‌రే తీశారో, అందులో హైడ్రైడ్ గీతలు మొదలయ్యాయో లేదో చూస్తాను.